నాలుగో నంబరు ఆడకూడదు

మే 11, సోమవారం

గెలిచాం. పేపర్లో మాత్రం ‘గెలిచింది’ అని రాశాను, ఎవరో బయటివాళ్ల గురించి రాసినట్టు. ఇక్కడ రాసుకోవచ్చు కదా. గెలిచాం.

వచ్చే శనివారం కాక, ఆపై శనివారం ప్లేఆఫ్, మన మైదానంలోనే. గెలిస్తే పై డివిజన్. ఓడితే మళ్లీ ఇక్కడే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మన ఊరి ఫుట్‌బాల్ జట్టు పైకి వెళ్లింది లేదు. ఎడిటర్ పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చాడు. “మ్యాచ్ రోజున నీ అంచనా మొదటి పేజీలో వేస్తున్నా. స్కోరుతో సహా చెప్పాలి. నసగడం కుదరదు” అన్నాడు. ఈ సీజన్‌లో నేను చెప్పినవి చాలావరకు నిజమయ్యేసరికి ఊరంతా నన్ను ‘జోస్యం అక్క’ని చేసేసింది. కూరగాయల కొట్టతను తూకం వేస్తూ “ఎంతకెంత అక్కా?” అంటాడు. వంకాయల ధర అనుకుని నేను బేరం మొదలుపెట్టబోయాను.

నిన్న ఆట చివర్లో తమ్ముడి తలకి దెబ్బ తగిలింది. గాల్లో బంతి కోసం వాడూ అవతలి జట్టువాడూ ఒకేసారి ఎగిరారు. టక్కుమన్న చప్పుడు ప్రెస్ గ్యాలరీ దాకా వినిపించింది. కాసేపు లేవలేదు. లేచి నవ్వాడు. ఆట పూర్తిచేశాడు. ‘తలకు దెబ్బ తగిలినా నాలుగో నంబరు గోడలా నిలబడ్డాడు’ అని రాశాను. వాడు నా తమ్ముడని పేపర్లో ఎప్పుడూ రాయను. వాక్యం బాగా కుదిరింది. ఎడిటర్ దాన్నే హెడ్డింగ్ చేశాడు.

మే 13, బుధవారం

తమ్ముడు పైకి వచ్చాడు. అమ్మానాన్నలు పోయాక కింది వాటా వాడిది, పై వాటా నాది. పెద్ద మ్యాచ్ ఏదున్నా వాడు ఇలా వచ్చి, నా మంచానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంటాడు. అవతలి జట్టు పాత ఆటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఆపి ఆపి చూస్తాం. నేను చెప్తాను, వాడు బుర్రకెక్కించుకుంటాడు. ఒకసారి చెప్తే చాలు వాడికి. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అలాగే వచ్చేవి.

వాళ్ల పొడుగాటి స్ట్రైకర్‌కి మేం ‘కొంగ’ అని పేరు పెట్టుకున్నాం. మైదానం మూల నుంచి కార్నర్ కొట్టేటప్పుడు కొంగ దూరపు గోల్‌పోస్టు దగ్గర ఏమీ పట్టనట్టు నిలబడతాడు. తర్వాత ఒక్కసారిగా వెనక్కి జరిగి, అందరి ముందుకీ దూసుకొచ్చి తలతో కొడతాడు. అది మళ్లీ మళ్లీ చూపించాను. తమ్ముడు స్క్రీన్ వెలుతురు తగ్గించమన్నాడు. తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు.

మెట్లు దిగుతూ ఆగాడు. “అక్కా, ఆ పొడుగాడు కార్నర్లప్పుడు ఎక్కడ నిలబడతాడు?”

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. వాడూ నవ్వాడు. నేను నవ్విన తర్వాత.

మే 14, గురువారం

తమ్ముడికి నిద్ర సరిగ్గా పట్టడం లేదట. అంతే. ప్లేఆఫ్ ముందు ఎవడికి పడుతుంది?

మే 15, శుక్రవారం

ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లాను. కోచ్ నన్ను చూడగానే “ఏంటమ్మా, మమ్మల్ని గెలిపిస్తున్నావా, ముంచుతున్నావా?” అన్నాడు. ఆయన కిందటి నెల కన్నా బాగా చిక్కిపోయాడు. ఆయనకిది ఆఖరి సీజన్ అనీ, పైకి వెళ్తే ఇంకో రెండేళ్లు ఉంచుతారనీ అంటున్నారు.

వరసపెట్టి కార్నర్లు కొట్టించాడు. తమ్ముడు ఒక్కదానికీ ఎగరలేదు. “వాడికి విశ్రాంతి ఇస్తున్నాంలే, మ్యాచ్‌కి దాచుకుంటున్నాం” అన్నాడు కోచ్, నేను అడగకముందే. ఒక బంతి తమ్ముడి పక్కగా వెళ్లింది. వాడు దాన్ని వదిలేసి గోల్‌పోస్టు పట్టుకున్నాడు. కదిలే బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు.

ఎండ బాగా ఉంది. ఎండకి ఎవరికైనా అలాగే ఉంటుంది.

అంచనా సగం రాశాను. దాని బలమంతా డిఫెన్స్ మీదే ఉంది. మన జట్టు ఎక్కువ గోల్స్ కొట్టదు, కానీ కొట్టనివ్వదు. నాలుగో నంబరు ఉన్నంతవరకూ కొంగ పప్పులు ఉడకవు.

మే 16, శనివారం

మరదలు మేడమీద బట్టలు ఆరేస్తూ ఉంటే సాయం చేయబోయాను. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. శనివారాలు మధ్యాహ్నానికే వచ్చేస్తుంది. మాటల మనిషి కాదు. ఇవాళ క్లిప్పు నోట్లో పెట్టుకునే మొదలుపెట్టింది.

“వదినా, నిన్న పాపని స్కూల్లో వేసవి క్లాసు నుంచి తీసుకురమ్మని ఆయన్ని పంపాను.”

“ఊఁ.”

“ఒక్కరే వచ్చారు.”

నాకు అర్థం కాలేదు. ఆమె క్లిప్పు తీసి చేతిలో పట్టుకుంది. “పాపేదీ అంటే నా మొహంలోకి చూశారు. బస్‌స్టాపులో కూర్చున్నారట. ఎందుకొచ్చానో గుర్తురాలేదు, అందుకే ఇంటికొచ్చేశాను అన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గేటు మూసేసి, వాచ్‌మన్ పాపని తన కుర్చీలో కూర్చోబెట్టుకుని ఉన్నాడు.”

సోమవారం నుంచి వాంతులట. గదిలో లైటు వేయనివ్వడట. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడట.

“మీరు చెప్పండి వదినా. నేను చెప్తే భయస్తురాలినంటారు. మీకు ఆట తెలుసు, మీ మాట వింటారు.”

“ఒక్క మ్యాచే కదా” అన్నాను. “అది అయిపోయిన మర్నాడే పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం. నేనే తీసుకెళ్తాను.”

ఆమె నా వైపు చూడలేదు. దుప్పటికి రెండో చివర పట్టుకోమని అందించింది.

మే 17, ఆదివారం

అడిగాను. తమ్ముడు మొదట దబాయించాడు. తర్వాత నేల మీద పడుకుని కళ్ల మీద మోచెయ్యి పెట్టుకుని చెప్పాడు. తలలో ఎప్పుడూ ఒక మోత ఉంటోందట, పక్కింట్లో మోటారు ఆడుతున్నట్టు.

“మరి క్లబ్ డాక్టర్ పరీక్ష చేశాడుగా?”

“సీజన్ మొదట్లో ఒకసారి చేస్తారక్కా. కొన్ని మాటలు చెప్పి మళ్లీ చెప్పమంటారు, అంకెలు వెనక్కి చదవమంటారు. దెబ్బ తగిలాక అదే పరీక్ష మళ్లీ చేసి, అప్పటికంటే తగ్గిందా అని చూస్తారు. అందుకే అందరం మొదట్లోనే కావాలని తప్పులు చెప్తాం.” నవ్వాడు. “ఆ లెక్కన ఇప్పుడు నా బుర్ర బాగుపడింది.”

నాకు నవ్వు రాలేదు.

“నాకు ముప్ఫై నాలుగు నిండాయి. వచ్చే ఏడాది నన్నెవడూ అడగడు. నా జన్మకి ఇదొక్కటే మ్యాచ్. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్.”

చెయ్యి చాచాడు. వేశాను. వాడి అరచెయ్యి చల్లగా ఉంది.

మే 18, సోమవారం

అంచనా పూర్తయింది. మనమే, ఒకటి సున్నా. బాగా వచ్చింది.

మే 19, మంగళవారం

పెద్దాసుపత్రిలో మెదడు డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆటగాళ్ల గాయాల మీద వ్యాసం రాస్తున్నానని చెప్పాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అది చిన్నదైనా సరే, మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చట. చాలామందికి ఏమీ కాదట. కొందరు మైదానంలోంచి లేవరట.

“ఎంత శాతం మందికి?” అని అడిగాను.

“శాతాలు చెప్పలేనమ్మా. ఎవరికి అవుతుందో ముందే చెప్పగలిగితే మాకీ బాధే ఉండదు.”

“సుమారుగా?”

“మీరు వ్యాసం కోసమే అడుగుతున్నారా?”

అవునన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

స్కోర్లు చెప్పి బతుకుతున్నాను. ఎవడు ఎటు ఎగురుతాడో, ఏ నిమిషంలో అలిసిపోతాడో చెప్తాను. ఇది చెప్పలేను. చాలామందికి ఏమీ కాదంది. చాలామందికి ఏమీ కాదు.

మే 20, బుధవారం

చాలామందికి ఏమీ కాదు.

ఎడిటర్ అంచనా చదివి భుజం తట్టినంత పని చేశాడు. పక్కన నాలుగో నంబరు ఫోటో పెద్దగా వేద్దాం అన్నాడు. ఫోటో విభాగం వాళ్లు తెచ్చి చూపించారు, గాల్లో ఉన్నాడు, నుదుటికి బంతి ఆని ఉంది. నుదురు కాస్త లోపలికి నొక్కుకుపోయినట్టు కనిపించింది. ఫోటోలో అలా కనిపిస్తుందంతే అన్నారు. వేరేది చూడమన్నాను. “ఇంతకంటే మంచిది లేదు మేడమ్” అన్నాడు ఫోటోగ్రాఫర్, నొచ్చుకుని.

మే 21, గురువారం

ఒట్టు తీసి గట్టున పెట్టి కోచ్ దగ్గరికి వెళ్లాను. పరికరాల గదిలో ఒక్కడే కూర్చుని బంతులకి గాలి కొడుతున్నాడు. అంతా చెప్పాను. వాంతులు, వెలుతురు, స్కూలు, పరీక్షలో మోసం. ఆయన పంపు ఆపకుండానే విన్నాడు.

“డాక్టర్ ఫిట్ అని సంతకం పెట్టాడమ్మా.”

“ఆ సంతకం ఎలా వచ్చిందో ఇప్పుడే చెప్పాను కదా.”

“నువ్వేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు.” అప్పుడు పంపు ఆపాడు. “వాణ్ని తీసేస్తే ఎవర్ని పెట్టను? చెప్పు. నీకు ఆట తెలుసుగా. కొంగకి ఎవడడ్డు?”

ఆ పేరు ఆయనకి మావాడే చెప్పి ఉంటాడు.

మిగతా డిఫెండర్లందర్నీ మనసులో వరసగా నిలబెట్టి చూశాను. కొంగ ముందు ఎవడూ ఆనడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను కూడా శనివారం నుంచి ఆయన అన్నదే అంటున్నాను, కాకపోతే మెత్తగా అంటున్నాను.

మే 22, శుక్రవారం

పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి మొదటి అంచనా తీసేసి కొత్తది రాశాను. ఇంత వేగంగా ఎప్పుడూ రాయలేదు.

‘ఇవాళ్టి మ్యాచ్‌లో నాలుగో నంబరు ఆడకూడదు. అతని తలకు తగిలిన దెబ్బ మానలేదు. అతను లేకపోతే మన జట్టు ఓడిపోతుందని నా అంచనా, సున్నా ఒకటి. అయినా ఆడకూడదు. ఇది నేను విలేకరిగా తెలుసుకున్నది కాదు. అతను నా తమ్ముడు.’ ఆ తర్వాత పరీక్ష సంగతీ, డాక్టర్ చెప్పిందీ.

ఎడిటర్‌కి ఇవ్వకముందు ఇంటికి తీసుకొచ్చాను. మధ్యాహ్నం. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. తమ్ముడు కుర్చీలో ఉన్నాడు, మరదలు గుమ్మంలో నిలబడింది. నిలబడే చదివాను. చివరిదాకా విన్నాడు.

“ఒట్టేశావ్” అన్నాడు.

“వేశాను.”

“నా కాళ్లు విరగ్గొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నువ్వు అక్కవి కాదు. పేపర్‌దానివి. నీకు మొదటి పేజీ కావాలి.”

నేనేదో అనబోయాను. మరదలు ముందుకొచ్చింది. “నేనే రాయమన్నాను.”

అది నిజం కాదు. వాడు ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఇద్దరూ కలిసే చేశారన్నమాట.”

“అవును. ‘నాన్న ఎక్కడున్నాడు’ అని పాప అడిగితే చెప్పడానికి నాకో మనిషి కావాలి. ఫోటో కాదు” అంది ఆమె. గొంతు పెంచలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాడితో ఆమె అలా మాట్లాడగా వినలేదు.

వాడు లేచి, గోడ పట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆఫీసులో ఎడిటర్ రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీశాడు. “నిజమేనా?”

“నిజమే సార్.”

“రేపు జనం మన అద్దాలు పగలగొడతారు. క్లబ్ కోర్టుకి ఈడుస్తుంది. నీకు తెలుసా?”

“తెలుసు.”

“అతనికి తెలుసా?”

“చదివి వినిపించే వచ్చాను.”

మొదటి పేజీలో వెయ్యనన్నాడు. ఆటల పేజీలో, ఫోటో లేకుండా వేస్తానన్నాడు. అక్కడితో ఊరుకోకుండా “మా అన్నయ్య బాక్సింగ్ చేసేవాడు” అన్నాడు.

మే 23, శనివారం

ఓడిపోయాం. సున్నా ఒకటి.

రాయాలి. లేకపోతే పడుకోలేను.

పేపర్ వచ్చిన కాసేపటికే లీగ్ వాళ్లు క్లబ్‌కి ఫోన్ చేశారు. బయటి డాక్టర్‌ని పంపారు. మరదలు తమ్ముడి వెంట వెళ్లింది, ఆమె చెబితేనే తెలిసింది. పాత మార్కుల జోలికి పోలేదట ఆ డాక్టర్. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడట. తమ్ముడు ఆయన మీదే పడిపోయాడట. ఇంకొక్కసారి చూడండి అని అడిగాడట. మళ్లీ పడ్డాడట. మూడోసారి మరదలే వద్దంది.

ప్రెస్ గ్యాలరీలో మిగతా విలేకరులు నా పక్క కుర్చీలు ఖాళీగా వదిలేసి కూర్చున్నారు. కింద నుంచి ఎవడో “జోస్యం అక్కా, తమ్ముణ్ని ఎంతకి అమ్మావ్?” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో కూరగాయల కొట్టతను కూడా ఉన్నాడు.

మొదటి సగం మనవాళ్లు బాగానే ఆడారు. తమ్ముడి చోట ఆడిన అతను తప్పేమీ చేయలేదు. రెండో సగంలో వాళ్లకి కార్నర్. కొంగ దూరపు పోస్టు దగ్గర ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు. నాకు తెలుసు. ఆ మైదానంలో అందరికంటే నాకు బాగా తెలుసు. వెనక్కి జరిగాడు. మనవాడు అటే చూస్తున్నాడు, చూస్తూనే ఆలస్యమయ్యాడు. గోల్.

చివర్లో మన బంతి ఒకటి గోల్‌పోస్టుకి తగిలి తిరిగొచ్చింది. స్టేడియం అంతా ఒకేసారి మూలిగింది. అంతే.

ఆట రిపోర్ట్ ఇంకొకళ్ల చేత రాయించారు.

మే 24, ఆదివారం

రాత్రి ఎవరో గేటు మీద ఎర్ర రంగుతో ‘ద్రోహి’ అని రాసిపోయారు. పొద్దున మరదలు కిరసనాయిల్లో గుడ్డ ముంచి తుడుస్తోంది. పాప పక్కన నిలబడి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటోంది.

“ద్రో… హి. ద్రోహి అంటే ఏంటత్తా?”

నేను ఇంకో గుడ్డ తీసుకుని కిరసనాయిల్లో ముంచాను.

“ఎవరో తప్పు రాశారమ్మా. అందుకే చెరిపేస్తున్నా” అంది మరదలు, తుడుస్తూనే.

మే 27, బుధవారం

సెలవులో ఉన్నాను. కొన్నాళ్లు కనబడొద్దన్నాడు ఎడిటర్.

అవతలివాళ్లు నా వ్యాసం చదివే ఎత్తు బంతులు వేశారని ఊళ్లో అంటున్నారు. వాళ్లు సీజన్ అంతా అవే వేశారు. అయినా లెక్కపెట్టాను. ఈ సీజన్‌లో వాళ్లాడిన మ్యాచ్‌లన్నీ తిరగేసి లెక్కపెట్టాను. ఆ రోజు మామూలు కంటే కాస్త ఎక్కువే వేశారు.

మే 30, శనివారం

కింద గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. వాడి గొంతు వినిపించదు.

జూన్ 2, మంగళవారం

ఇవాళ వాడు మెట్ల మధ్య దాకా వచ్చాడు. “స్కాన్‌లో ఏమీ లేదట. చూసుకో” అన్నాడు. ఫైలు మెట్టు మీద పడేసి దిగిపోయాడు. పదకొండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఫైలు తెరుస్తున్నప్పుడు, లోపల ఏదో ఒకటి ఉండాలని కోరుకున్నాను. ఈ వాక్యం ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

ఏమీ లేదు. రక్తం గడ్డకట్టలేదు, వాపు లేదు. అయినా ఏడాది దాకా ఆట మాట ఎత్తొద్దని రాసింది డాక్టర్. స్కాన్‌కి అన్నీ కనిపించవని మరదలు తర్వాత చెప్పింది. నా కోసం చెప్పిందో, నిజంగా డాక్టర్ అందో అడగలేదు. వాడి వయసులో ఏడాది అంటే ఇక ఎప్పటికీ ఆడడనే.

ఆడి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదేమో. ఒక మ్యాచ్ ఆడి, ఒక కప్పు పట్టుకుని ఇంటికి వచ్చేవాడేమో. నా అంచనాలన్నిటికీ మర్నాటికల్లా జవాబు దొరుకుతుంది. దీనికి దొరకదు. తప్పైనా దొరకదు, ఒప్పైనా దొరకదు.

జూన్ 9, మంగళవారం

ఎడిటర్ ఫోన్. వచ్చే సీజన్ నుంచి మళ్లీ రాయమన్నాడు. అంచనాలు మాత్రం రాయనన్నాను. “అవి లేకపోతే నిన్నెవరు చదువుతారు?” అన్నాడు. నిజమే.

జూన్ 14, ఆదివారం

మధ్యాహ్నం తలుపు దగ్గర అలికిడైతే పాప అనుకున్నాను. తమ్ముడు. తొమ్మిదో క్లాసులో నన్నడక్కుండా నా సైకిల్ తీసుకెళ్లి విరగ్గొట్టినప్పుడు ఇలాగే నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బరువు తగ్గాడు. గడ్డం పెరిగింది.

రమ్మన్నాను. మంచానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. నేనూ కింద కూర్చున్నాను.

చాలాసేపటికి అడిగాడు. “నేను ఆడి ఉంటే గెలిచేవాళ్లమా అక్కా?”

ఎలా చెప్తే బాగుంటుందో ఆలోచించాను. ఆటలో ఏమైనా జరగొచ్చు అనవచ్చు. ఆ రోజు మన ఫార్వర్డులు ఆడింది దండగ అనవచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

“గెలిచేవాళ్లం” అన్నాను.

వాడి మొహం ఒక్కసారిగా చెదిరిపోయింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు కూడా ఇంత బిగ్గరగా ఏడవలేదు. వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. పక్కనే కూర్చున్నాను.

తేరుకున్నాక చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. “కోచ్‌ని అడిగాను. కీపర్‌ని అడిగాను. మా ఆవిణ్ని కూడా అడిగాను. అందరూ ‘నువ్వున్నా ఓడిపోయేవాళ్లమే’ అన్నారు” అన్నాడు. “నన్ను ఊరుకోబెట్టడానికి.”

నీళ్ల చెంబు వాడి ముందుకు జరిపాను.

“నువ్వొక్కదానివే చెప్పావ్.”

లేవబోయి తూలాడు. మంచం అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. గుమ్మం దాటాక, వెనక్కి తిరగకుండానే అన్నాడు. “కోపం పోలేదు. పోతుందో లేదో తెలీదు. కిందికి రా, భోంచేద్దాం.”

వెళ్లాను. మరదలు మా ఇద్దరినీ చూసింది. ఏమీ అడక్కుండా ఇంకో కంచం కడిగి పెట్టింది.